నదీతీరపు కాలిబాటలు: లండను చెంతనున్న గ్రామములు నేర్పు పాఠము

గ్రామములో దారి యున్నంత కాలము దానిని గూర్చి ఎవరును తలంపరు. అది మూతపడిన నాడు ఊరంతయు కదలును. పెద్ద నగరమునకు చేరువనున్న గ్రామములకు ఈ మాట మఱింత వర్తించును. నగరము పెరిగినకొలది భూమి వెల పెరుగును. భూమి వెల పెరిగినకొలది ఎవరి పేరను లేని జాగాలపై కన్ను పడును. ఏటి గట్టు, వాగు అంచు, పశువులు మేయు పల్లపు నేల, పొలముల నడుమనుండి పోవు డొంక, ఇవి యన్నియు అట్టి జాగాలే. వీని కొఱకు పోట్లాడు సొంతదారు ఉండడు. అందుచేత మొదట పోవునవి ఇవియే.

ఇట్టి జాగాలను నగరము మ్రింగివేయకుండ నిలుపుకొనుట సాధ్యమా? సాధ్యమే యని ఇంగ్లండు దేశమున లండను మహానగరపు పరిసర గ్రామముల చరిత్ర తెలుపుచున్నది. నేడు ఆ నగరము నడిబొడ్డున బయలుదేరినవాడు నదీతీరమునే పట్టుకొని, పచ్చిక బయళ్ళ మీదుగా, చెఱువుల ప్రక్కగా, దినములకొలది నడచి పల్లెసీమను చేరగలడు. ఎవరి అనుమతియు అక్కరలేదు, రుసుము లేదు. ఈ సౌకర్యము ఎట్లు ఏర్పడినది? దానిని నిలిపినవారెవరు? అందు మన పంచాయతీ సభ్యులు గ్రహింపదగిన దేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

నగరము, నదులు, బాటలు

లండను నగరము థేమ్సు నదికి ఇరుప్రక్కల వ్యాపించియున్నది. ఈ నది వెంట సాగు కాలిబాటను 1996లో జాతీయ బాటగా ప్రారంభించిరి. దాని పొడవు సుమారు 184 మైళ్ళు. గ్లాస్టర్‌షైరు జిల్లాలో కెంబుల్ అను గ్రామము చెంత, నది పుట్టుచోట మొదలై, పొలములును పల్లెలును దాటి, అది లండను నడుమగా సాగిపోవును. నగరపు తూర్పు భాగమున సముద్రపు పోటును అడ్డుటకు నదిలో తలుపుల కట్ట నొకదానిని నిర్మించిరి. బాట అచ్చటి వఱకు వచ్చును.

ఇదిగాక నగరమును చుట్టి వలయములుగా సాగు బాటలు రెండు కలవు. వెలుపలి వలయమైన లండన్ లూప్ సుమారు 150 మైళ్ళు, 24 భాగములు. లోపలి వలయమైన క్యాపిటల్ రింగ్ సుమారు 78 మైళ్ళు, 15 భాగములు. ఒక్కొక్క భాగముయొక్క మొదలును తుదియు రైలో బస్సో దొరకుచోట ఉండునట్లు అమర్చిరి. కావున కూలివాడైనను, గుమాస్తా యైనను, సెలవునాడు ఒక భాగము నడచి సాయంకాలమునకు ఇల్లు చేరుకొనవచ్చును.

మన పాఠమునకు అన్నిటికంటె ఎక్కువ పనికివచ్చునది లీ నది లోయ. లీ చిన్న నది. లూటన్ పట్టణములోని లీగ్రేవు వద్ద పుట్టి, సుమారు 42 మైళ్ళు పాఱి, లండను తూర్పు భాగమున థేమ్సులో కలియును. దాని వెంట పుట్టుచోటునుండి సంగమము వఱకు సుమారు 50 మైళ్ళ కాలిబాట కలదు. హర్ట్‌ఫర్డ్‌షైరు, ఎసెక్సు జిల్లాల నడుమ స్టాన్‌స్టెడ్ అబట్స్, నేజింగు మొదలగు గ్రామముల చెంతగా బాట దక్షిణమునకు దిగును. బ్రాక్స్‌బర్నునకును వాల్తమ్ అబీకిని నడుమ వరుసగా చెఱువులు కనబడును. అవి సహజమైన చెఱువులు కావు. నగరపు ఇండ్లకును రోడ్లకును కంకర త్రవ్విన గోతులలో నీరు నిండి చెఱువులైనవి. నేడు వాని చుట్టును చెట్లు పెరిగి, శీతకాలమున వలసపక్షులు దిగుచున్నవి. అచ్చటినుండి క్రిందికి నగరమునకు త్రాగునీరిచ్చు జలాశయములు వచ్చును. వానిలో వాల్తమ్‌స్టో జలాశయముల ఆవరణమును 2017లో నడచువారికి తెఱచిరి. ఆపై హాక్నీ బయళ్ళు, వాని దిగువ 2012లో ఒలింపిక్ క్రీడలు జరిగిన స్ట్రాట్‌ఫర్డు మైదానములు. ఒకప్పుడు కర్మాగారముల మురికితో నిండిన నేలను శుభ్రపఱచి ఈ మైదానములను తయారుచేసిరి.

బాట పుట్టుక

ఈ బాటలలో పెక్కులు విహారమునకై వేసినవి కావు. ఇంజనులు రాకముందు సరకు పడవలను గుఱ్ఱములును మనుష్యులును గట్టుమీద నడచుచు త్రాళ్ళతో లాగుచుండిరి. ఆ పనికి గట్టు చదునుగా ఉండవలెను. త్రాడునకు చెట్టు అడ్డము రాకూడదు. నడుమ కంచె ఉండకూడదు. ఆ విధముగ ఎడతెగని బాట యొకటి ఏర్పడెను. గోదావరి, కృష్ణా డెల్టా కాలువలమీద పడవలు సాగిన దినములలో మన పడవవారును గట్టుమీద నడచి పడవలు లాగిన సంగతి మనవారెఱిగినదే.

రైళ్ళును లారీలును వచ్చి సరకు పడవలు తగ్గిన పిదప బాటకు పని పోయెను. కాని జనులు దానిపై నడచుట మానలేదు. నడచువారున్నంతకాలము బాట బ్రతికియుండెను. నడక తెగిన చోట బాటయు తెగెను. థేమ్సు నదిపై ఇందుకొక నిదర్శనము కలదు. పడవలు లాగు బాట అచ్చటచ్చట ఒక గట్టునుండి ఎదుటి గట్టునకు మారుచుండెడిది. అట్టిచోట దాటించుటకు రేవు పడవ ఉండెడిది. టెంపుల్ అను చోట రేవు మూతపడగా బాట రెండు తునుకలయ్యెను. నడచువారు చుట్టు దారిని పోవలసివచ్చెను. ఆ తునుకలను తిరిగి కలుపుటకు 1989లో నడక వంతెన నొకదానిని కట్టిరి. ఒకసారి తెగిన బాటను అతుకుట, తెగకుండ కాపాడుటకంటె ఎంతో ఎక్కువ ఖర్చు.

మేత హక్కును కంచెయును

లీ నది దిగువ భాగమున పల్లపు పచ్చిక నేలలు కలవు. వీనియందు పూర్వమొక ఆచారముండెను. వసంతము మొదలు వేసవి తుది వఱకు అందు గడ్డి పెంచి కోసికొను హక్కు భూమి గలవారిది. ఆగస్టు మొదట వచ్చు కోతల పండుగనుండి మఱుసటి వసంతము వఱకు పశువులను మేపుకొను హక్కు ఊరివారిది. ఒకే నేలపై ఇరువురికి హక్కు కలదు. రెండవ హక్కు ఉన్నంతవఱకు మొదటివాడు ఆ నేలలో ఇల్లు కట్టజాలడు, కంచె వేయజాలడు. నగరము చుట్టును భవనములు లేచినను ఈ పచ్చిక మిగులుటకు ముఖ్యకారణము ఇదియే.

1892లో లేటన్ ప్రాంతపు బయళ్ళలో నీటి సరఫరా కంపెనీ యొకటి పట్టాలు వేసి కంచె నాటెను. ఆగస్టు 1వ తేదీన, మేత హక్కు ఆరంభమగు దినముననే, జనులు కూడి ఆ కంచెను తొలగించిరి. అంతటితో పని ముగియలేదు. వారు సంఘముగ ఏర్పడి తమ హక్కు కొఱకు నిలిచి పాటుపడిరి. తుదకు 1904లో ఒక చట్టము మూలమున ఆ నేల స్థానిక పాలక సంఘమునకు సంక్రమించి ప్రజలకు బహిరంగ స్థలముగ స్థిరపడెను. కంచె తీయుటకు ఒక పూట పట్టెను. హక్కును శాసనమున నిలుపుటకు పండ్రెండేండ్లు పట్టెను. నేటివఱకు ఆ నేలను కాపాడుచున్నది ఆ రెండవ పనియే.

1979లో ఇదే లోయలో వాల్తమ్‌స్టో పచ్చిక పల్లమున కంకర త్రవ్వవలెనను ప్రతిపాదన వచ్చెను. స్థానికులు ఊరక కేకలు వేయలేదు. ఆ నేలలో పెరుగు మొక్కలను, చేరు పక్షులను పరిశీలించి వ్రాసికొని, ఆ వ్రాతతో ఎదిరించిరి. త్రవ్వకము ఆగెను. 1985లో ఆ పల్లమును శాస్త్రీయ ప్రాముఖ్యముగల స్థలముగ ప్రభుత్వము గుర్తించెను.

పెద్ద ప్రణాళిక

ఊరూరను జరిగిన ఈ పాటుపాటులకు తోడు నగరము వైపునుండియు మేల్కొలుపు కలిగెను. 1938లో లండను చుట్టును పచ్చని వలయమును నిలుపుటకు చట్టము చేసి, అందుకై స్థానిక సంస్థలు భూములు కొనుటకు వీలు కల్పించిరి. 1944లో పాట్రిక్ అబర్‌క్రాంబీ అను నగర నిర్మాణ శాస్త్రజ్ఞుడు మహాలండను ప్రణాళిక వ్రాయుచు, లీ లోయ అంతయు ప్రజల విహారస్థలము కావలెనని సూచించెను. ఆ సూచన చాలకాలము కాగితముపైననే యుండెను. 1960ల ఆరంభమున హాక్నీ సంఘాధ్యక్షుడైన లూ షెర్మన్ లోయలోని తక్కిన స్థానిక సంఘములను కూడగట్టెను. 1964లో నివేదిక వెలువడెను. 1966లో పార్లమెంటు చట్టము చేసెను. 1967 జనవరి 1వ తేదీనుండి లీ లోయ ప్రాంతీయోద్యాన సంస్థ పని ప్రారంభించెను. వేర్ పట్టణమునుండి థేమ్సు వఱకు 26 మైళ్ళ పొడవున, సుమారు 10,000 ఎకరములు దాని పరిధి.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది ధనము. లోయ ప్రక్కనున్న ఊళ్ళు మాత్రమే ఈ భారము మోయవు. లండను నగరమంతటినుండియు, ఎసెక్సు, హర్ట్‌ఫర్డ్‌షైరు జిల్లాలనుండియు స్థానిక పన్నులో కొంత భాగము ఈ సంస్థకు చేరును. పచ్చిక వలన లాభము పొందు నగరము దాని ఖర్చులోను పాలుపంచుకొనవలెనను న్యాయము అందు కలదు. రెండవది వఱద. 1947 మార్చిలో మంచు కరగి లీ నది పొంగి లోయను ముంచెను. ఆ పిదప వఱదనీటిని మరల్చుటకు ప్రత్యేకమైన కాలువను త్రవ్వి 1976 నాటికి పూర్తిచేసిరి. నది చెంత ఖాళీ నేలయుండుట వినోదమునకే గాదు, పొంగిన నీరు నిలుచుటకు చోటునకు గూడ అవసరమే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచిన సంగతి తలచినచో ఈ మాట విలువ మనకు తెలియగలదు.

పటములో చేర్చుట

పెద్ద సంస్థలు ఎన్ని వచ్చినను, ఊరి పొలములగుండ పోవు చిన్న బాటలను నిలిపినది అచ్చటి పారిష్ సంఘములు. పారిష్ సంఘమనగా మన గ్రామ పంచాయతీవంటిదే. 1894 నాటి చట్టముచే అవి ఏర్పడినవి. వాని ఆదాయము స్వల్పము, సిబ్బంది స్వల్పము.

1949లో పార్లమెంటు జాతీయోద్యానములను గూర్చియు, పల్లెసీమలో ప్రజల రాకపోకలను గూర్చియు ఒక చట్టము చేసెను. జిల్లా సంఘములు తమ హద్దులలోని ప్రజా కాలిబాటలను అన్నిటిని పటములో చూపి, ప్రతిదానికి వివరము వ్రాయవలెనని అది నియమించెను. లండను నడిబొడ్డునకు మాత్రము ఈ నియమము వర్తింపలేదు. జిల్లా అధికారికి ఊరూరి బాటలు తెలియవు గదా. అందుచే 1950ల ఆరంభమున ఈ పని మొదట పారిష్ సంఘముల చేతికి వచ్చెను. సభ్యులును, బడిపంతుళ్ళును, బాటలను ఎఱిగిన పెద్దలును పటమును చేతబట్టి బాటలన్నిటిని నడచిరి. ప్రతి బాటకు ఒక సంఖ్య వేసి, ఎచ్చట మొదలగునో, ఎచ్చట ముగియునో, త్రోవలో తలుపులు, కొయ్యమెట్లు, చిన్న వంతెనలు ఏవి కలవో, జనులు ఎంతకాలమునుండి నడచుచున్నారో వ్రాసిరి. చిత్తు పటమును ప్రకటించి, భూమిగలవారి ఆక్షేపణలు విని, తుది పటమును నిర్ణయించిరి. అందు చేరిన బాట ప్రజలదని న్యాయస్థానమునందు మఱి సాక్ష్యము అక్కరలేదు. ఆ పటమే సాక్ష్యము.

అయితే అన్ని పారిషులును ఒకే శ్రద్ధతో పనిచేయలేదు. ఒక ఊరివారు వ్రాసిన బాటను పొరుగూరివారు వ్రాయకపోగా, ఆ బాట పొలిమేర వఱకు వచ్చి, అచ్చట గాలిలో కలిసినట్లు పటములో ఆగిపోయిన చోట్లు కలవు. నేలమీద బాట సాగుచునే యున్నది. కాగితముపై లేదు. ఒక ఊరి అశ్రద్ధవలన రెండూళ్ళకు నష్టము కలిగెను.

పటములో లేని బాటలను తరువాతను చేర్పవచ్చును. ఇరువది సంవత్సరములు జనులు ఎవరి అనుమతియు లేక, ఎవరును అడ్డగింపక, బాహాటముగ నడచిరని ఋజువైనచో ఆ బాటను ప్రజలకు ఒసగినట్లే చట్టము భావించును. భూస్వామి అట్టి ఉద్దేశము తనకు లేదని చూపగలిగిన మాత్రము సంగతి వేఱు. పాత పటములు, దస్తావేజులు గూడ సాక్ష్యములే. అయితే 2000 నాటి చట్టము ఇట్టి పాత బాటలను చేర్చుటకు 2026 జనవరి 1ని గడువుగ నిర్ణయించెను. నడచువారి సంఘమొకటి పాత పటములను నేటి పటముతో పోల్చి చూచి, 49,000 మైళ్ళకు పైబడిన బాటలు పటములో చేరకయే యున్నవని 2020లో ప్రకటించెను. తరువాత ఆ గడువు 2031కి మారెను. గడువునే రద్దుచేయ నిశ్చయించితిమని 2024 డిసెంబరులో ప్రభుత్వము తెలిపెను. ఒక్క తరము వ్రాయక విడిచిన పనికి మూడు తరములు తిప్పలు పడుచున్నవి.

రైతు హక్కు, నడచువాని హక్కు

పొలముగుండ బాట పోవుచున్నచో రైతునకు కష్టము కలుగదా? కలుగును. కావున చట్టము ఇరువురికిని హద్దులు ఏర్పఱచెను. పొలము గట్టు వెంట పోవు బాటను దున్నరాదు. పొలము నడుమగా పోవు బాటను దున్నక తప్పనిచో దున్నవచ్చును. కాని విత్తు పనిలో మొదటి దున్నకమైనచో 14 దినములలోను, ఆపై పనులకు 24 గంటలలోను బాటను తిరిగి నడువదగినట్లు చదునుచేసి, కనీసము ఒక మీటరు వెడల్పున గుర్తు తెలియునట్లు విడువవలెను. పైరు బాటపై పెరుగరాదు. కంచె దాటు కొయ్యమెట్లను, తలుపులను భూమిగలవాడే బాగుచేయించవలెను. ఆ ఖర్చులో నాలుగవ వంతుకు తక్కువకాకుండ జిల్లా సంఘము ఇయ్యవలెను.

నడచువాడు బాట విడిచి పైరులో అడుగిడరాదు. తెఱచిన తలుపును మూయవలెను. బాట అడ్డముగ నున్నదని రైతు తలచినచో దానిని మఱొక ప్రక్కకు మార్చుమని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. విచారణ జరిగి, ఉత్తర్వు వెలువడి, క్రొత్త బాట పటములో చేరును. కాని తనంతతాను ముండ్లకంప అడ్డమువేసి బాటను మూయుటకు వీలు లేదు.

బాట మూతపడినచో పారిష్ సంఘము జిల్లా సంఘమునకు వ్రాతమూలముగ తెలుపును. అట్లు తెలిపిన పిదప జిల్లా సంఘము చర్య తీసికొనియే తీరవలెను. ఆ ఫిర్యాదు సరికాదని తేలిననే తప్ప ఊరకుండుటకు వీలులేదని 1980 నాటి రహదారుల చట్టము చెప్పుచున్నది. చిన్న సంఘముయొక్క ఉత్తరమునకు ఇట్టి బలము కలదు. పల్లెలో పక్కా రోడ్డునుండి కాలిబాట చీలుచోట దారిచూపు పలకను నాటుట జిల్లా సంఘముయొక్క విధి. బాట వెంట పసుపుపచ్చ బాణపు గుర్తు కాలినడకకు, నీలపు గుర్తు గుఱ్ఱపు స్వారికి గూడ తెఱచిన బాటకు. గడ్డి కోయుట, పలక నిలబెట్టుట మొదలగు చిన్న పనులను చేయు అధికారము పారిష్ సంఘములకును కలదు.

మన పంచాయతీలు చేయదగినవి

ఇంగ్లండు చట్టము మనకు వర్తింపదు. మన చట్టములు వేఱు, మన నేల వేఱు. వేసవిలో ఎండి, వానకాలమున ఉప్పొంగు మన వాగు అచ్చటి నదివంటిది కాదు. అయినను మూలసూత్రము రెండు చోట్లను ఒక్కటే: వ్రాతలో నున్న బాట నిలుచును, నడచు బాట నిలుచును. ఈ రెండును ఊరి పంచాయతీ చేతిలోని పనులే.

మన గ్రామములకు నక్షాలు కలవు. వానిలో డొంకలు, పుంతలు, బండ్ల బాటలు, వాగుల హద్దులు చూపబడియున్నవి. నదులు, వాగులు, ప్రజా మార్గములు సామాన్యముగ ప్రభుత్వ ఆస్తియని 1905 నాటి భూ ఆక్రమణ చట్టము చెప్పుచున్నది. గ్రామములోని ప్రజామార్గములను కాపాడు బాధ్యతను పంచాయతీరాజ్ చట్టములు పంచాయతీపై ఉంచినవి. కావున మనము సున్ననుండి మొదలుపెట్టనక్కరలేదు. సభ్యులు ఈ క్రింది పనులను వరుసగా చేపట్టవచ్చును.

(1) గ్రామ నక్షా ప్రతిని తహసీల్దారు కార్యాలయమునుండియో సర్వే శాఖనుండియో పొంది పంచాయతీ కార్యాలయమున గోడకు తగిలింపవలెను. నదికి, వాగుకు, చెఱువునకు పోవు బాటలను, వాని గట్లను రంగు పెన్సిలుతో గుర్తింపవలెను.

(2) వానకాలము వెడలిన పిదప సంవత్సరమునకు ఒకసారి సభ్యులు ఆ బాటలన్నిటిని నడచి చూడవలెను. పశువుల కాపరులను, రజకులను, జాలరులను, నీళ్ళకు పోవు స్త్రీలను వెంట తీసికొనిపోవలెను. ఏటి గట్టును వారెఱిగినట్లు మఱెవరును ఎఱుగరు.

(3) చూచినది పుస్తకములో వ్రాయవలెను. మచ్చునకు: “1వ బాట. ఊరి చావడినుండి ఏటి రేవు వఱకు. నక్షాలో బండ్ల బాట. నేడు బండి పోదు, మనుష్యులు నడచుచున్నారు. రెండు పొలముల చెంత ముండ్లకంప. వాగు దాటు చోట తూము విరిగినది.” ఇంతయే చాలును. తేదీ వేసి సభ్యులు సంతకములు చేయవలెను. పదేండ్ల తరువాత ఈ పుటయే గొప్ప సాక్ష్యమగును.

(4) పొలిమేర వద్ద బాట ఆగిపోకుండ పొరుగు పంచాయతీ పుస్తకముతో సరిచూడవలెను. నది ఒక్క ఊరిది కాదు, దాని గట్టు బాటయు ఒక్క ఊరిది కాదు.

(5) పట్టికను గ్రామసభలో చదివి తీర్మానము చేసి, ఒక ప్రతిని తహసీల్దారునకు పంపవలెను. ఆక్రమణ కనబడిన చోట సర్వేయరుచే కొలిపించి హద్దురాళ్ళు నాటించుమని వ్రాతమూలముగ కోరవలెను. కంచెను తామే పెరుకుటకు పూనరాదు. అది తగవులకు దారితీయును, పని నిలువదు.

(6) క్రొత్త ఇండ్ల స్థలముల ప్రతిపాదన వచ్చినపుడెల్ల ఆ పటమును ఊరి నక్షాతో పోల్చి చూడవలెను. నగరము చెంతనున్న ఊళ్ళలో డొంకలు మాయమగుట తఱచు ఈ సమయముననే. ఒకసారి ఇండ్లు లేచిన పిదప దారి అడుగుట కష్టము.

(7) ముండ్లు కొట్టుట, గుంటలు పూడ్చుట, కానుగ, వేప మొదలగు నీడచెట్లు నాటుట పంచాయతీ నిధులతో చేయదగిన చిన్న పనులు. అయితే వఱదకు అడ్డుతగులునట్లు గట్టుమీద అరుగులు, గోడలు కట్టరాదు. నీటి దారి నీటికే విడువవలెను.

ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. కావలసినది ఒక నక్షా, ఒక పుస్తకము, సంవత్సరమునకు రెండు మూడు దినముల నడక. ఇట్లు కాపాడిన బాట రైతునకు పొలము దారి, పశువునకు నీటి దారి, బిడ్డలకు బడి దారి. నగరము ఊరి గుమ్మము వఱకు వచ్చిన నాడు అందరికి అది గాలి పీల్చుకొను చోటు కూడ అగును.

పంచాయతీ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) మన ఊరినుండి ఏటికి లేదా వాగుకు పోవు బాటలెన్ని? వానిలో నక్షాలో నున్నవెన్ని, నేడు నడచుటకు వీలైనవెన్ని?

(2) గడచిన పదేండ్లలో మూతపడిన బాట యేదైన కలదా? అది మూతపడుటకు కారణము ఆక్రమణయా, వాడుక తగ్గుటయా?

(3) బాట తన పొలముగుండ పోవు రైతునకు కలుగు కష్టములేవి? అతని సమ్మతితో వానిని ఎట్లు తీర్చవచ్చును?

(4) పొరుగు పంచాయతీతో కలిసి నడచి చూచుటకు ఏ దినము అనుకూలము? ఆ పుస్తకమును వ్రాయు బాధ్యత ఏ సభ్యునిది?

నాలుగవ ప్రశ్నకు సమాధానము ఆనాటి సమావేశముననే నిర్ణయించి తీర్మాన పుస్తకమున ఎక్కించుట మంచిది.